గాలిమరలకూ ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి

సంపాదకులకు నమస్కారం.

భీమిలి దగ్గర మాకు కాస్త జీడితోట ఉంది. పవన విద్యుత్ ప్రాజెక్టులకు అనుమతులిచ్చే ముందు ఊరివాళ్ల మాట కూడా వినాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో, ముందుగా పర్యావరణ అనుమతి తీసుకోవాల్సిన ప్రాజెక్టుల జాబితాలో ఇవి లేవు. అందుకే పెద్ద థర్మల్ కేంద్రానికి తప్పనిసరైన ప్రజాభిప్రాయ సేకరణ వీటికి అక్కర్లేకుండా పోయింది.

గాలి కరెంటుకు నేను వ్యతిరేకిని కాను. విశాఖ వన్‌టౌన్‌లో మా అక్క వాళ్ల వంటింటి గట్టు పొద్దున తుడిస్తే సాయంత్రానికి బొగ్గు ధూళితో మళ్లీ నల్లబడుతుంది. ఇలాంటి ఊరికి పొగలేని కరెంటు కావాల్సిందే. కానీ ఇంటికీ గాలిమరకీ మధ్య కనీసం 500 మీటర్లు ఉండాలని కేంద్రం 2016 మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ కొలత ఊళ్లో ఎవరికి చూపిస్తారు? రెక్కలు తెచ్చే పొడవాటి ట్రైలర్ల కోసం దారి వెడల్పు చేస్తే ఎవరి చెట్లు పోతాయి? కాలం తీరిన మరను, దాని కాంక్రీటు పునాదిని ఎవరు తీస్తారు?

ఆమధ్య ఒక ఫ్యాక్టరీ కోసం జరిపిన ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లాను. పర్యావరణ ప్రభావంపై పూర్తి నివేదిక ఇంగ్లీషులోనే, తెలుగులో సారాంశమే ఇచ్చారు. అయినా ఒక పెద్దావిడ మైకు పట్టుకుని తమ బోరు నీళ్ల గురించి అడిగితే అధికారులు రాసుకున్నారు. ఆ మాత్రం అవకాశం గాలిమరల విషయంలోనూ కావాలి. మరలు ఎక్కడెక్కడ వస్తాయో మ్యాపు గోడకు పెట్టి, తెలుగులో చెప్పాలి. జీడిగింజలు ఏరే ఏప్రిల్‌లో అయితే సభ సాయంత్రం పెట్టండి, పగలు ఎవరూ రాలేరు.

ఒక జీడిరైతు,
భీమిలి, విశాఖపట్నం జిల్లా