వార్షిక నివేదిక 2024–25: కెర్నల్ రాయడం నేర్చుకున్న ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన సంఘం చేసిన పనిని మీ ముందుంచుతున్నాను. పిల్లల వేసవి తరగతులు, పాత కంప్యూటర్ల మరమ్మతు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు. విజయవాడ గవర్నర్‌పేటలోని మన మేడమీది గదిలో ఆదివారాలు నడిచిన కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి ప్రోగ్రాం) అధ్యయనం ఈ ఏడాదే మొదలైంది కాబట్టి దాని గురించే కొంచెం వివరంగా రాస్తున్నాను.

వచ్చినవాళ్లలో చాలామందికి సీ భాష వచ్చు. అయినా మొదటి నెల అందరం తడబడ్డాం. మామూలు ప్రోగ్రాం తప్పు చేస్తే ఆపరేటింగ్ సిస్టమ్ పట్టుకుని చెబుతుంది. మనం రాసేదే ఆపరేటింగ్ సిస్టమ్ అయినప్పుడు చెప్పే దిక్కుండదు. ఒక తప్పు జరిగితే సీపీయూ దాన్ని సర్దే ఫంక్షన్‌ని పిలుస్తుంది. ఆ పిలుపు కుదరకపోతే డబుల్ ఫాల్ట్, దాన్నీ సర్దలేకపోతే ట్రిపుల్ ఫాల్ట్. అప్పుడు మెషీన్ నోరు విప్పకుండా రీస్టార్ట్ అయిపోతుంది. "రీస్టార్టవుతోందండీ, ఎందుకో తెలీదు" అన్న మాట మన గదిలో ఎన్నిసార్లు వినబడిందో!

రెండు జట్లయ్యాం. ఒక జట్టు గ్రబ్ (కెర్నల్‌ని మెమరీలోకి తెచ్చే రెడీమేడ్ ప్రోగ్రాం) సాయంతో కెర్నల్‌ని లోడ్ చేసింది. రెండోది ఆ పనికి కావాల్సిన బూట్ సెక్టార్ (డిస్కు మొదట్లో ఉండే చిన్న కోడ్) కూడా తానే రాసుకుంది. మెషీన్ ఆన్ కాగానే నడిచే బయోస్ ప్రోగ్రాం డిస్కులోని మొదటి 512 బైట్లను తెచ్చి మెమరీలో హెక్సాడెసిమల్‌లో 7సీ00 అనే చిరునామా దగ్గర పెడుతుంది. చివరి రెండు బైట్లు 55, ఏఏ అయితేనే దాన్ని బూట్ సెక్టార్‌గా ఒప్పుకుంటుంది. ఆ రెండు బైట్లు ఒక చోటు పక్కకి జరిగినందుకు ఒక ఆదివారం మొత్తం పోయింది.

అందరికీ ఎక్కువ నేర్పింది గ్రబ్ జట్టు సమస్య. ఇంటరప్టులు (టైమర్, కీబోర్డు లాంటివి సీపీయూని పిలిచే సంకేతాలు) ఆన్ చేయగానే తెరమీద డబుల్ ఫాల్ట్ అని పడేది. ఏ ఇంటరప్టుకి ఏ ఫంక్షన్‌ని పిలవాలో చెప్పే డిస్క్రిప్టర్ టేబుల్‌లో మూడు వారాలు ఒక్కొక్క బిట్టూ వెతికాం. ఏ తప్పూ లేదు. డిప్లొమా చదువుతున్న ఒక అమ్మాయి తెరమీది ఎర్రర్ కోడ్ చూపించి, "సార్, డబుల్ ఫాల్ట్‌కి ఈ కోడ్ ఎప్పుడూ సున్నానే ఉండాలి కదండీ, ఇక్కడ ఇంత పెద్ద నంబరేంటి?" అని అడిగింది. ఆ నంబరు ఒక మెగాబైటు దాటిన కొద్ది దూరంలో ఉన్న చిరునామా, అంటే మన కెర్నల్ ఉన్న చోటే. కెర్నల్ ఆదేశాలను చిరునామాలతో సహా బయటికి తీసి చూస్తే అక్కడున్నది హల్ట్ (ఇంటరప్టు వచ్చేదాకా సీపీయూని ఆపే ఆదేశం) తర్వాతి ఆదేశం!

అప్పుడు విషయం తెలిసింది. అసలు ఫాల్టే జరగలేదు. పాత పీసీ ఏర్పాటు ప్రకారం టైమర్ ఇంటరప్టు 8వ నంబరు మీద వస్తుంది. మన కెర్నల్ నడిచే ప్రొటెక్టెడ్ మోడ్‌లో 8 అంటే డబుల్ ఫాల్ట్. డబుల్ ఫాల్ట్ అయితే సీపీయూ స్టాక్ (మెమరీలో తాత్కాలిక విలువలు దాచే చోటు) మీద ఎర్రర్ కోడ్ పెడుతుంది, టైమర్‌కి పెట్టదు. లేని కోడ్ కోసం చదివితే దాని చోట తిరిగి వెళ్లాల్సిన చిరునామా కనబడింది. ఇంటరప్టులని సీపీయూకి పంపే కంట్రోలర్ చిప్‌ని 32వ నంబరు నుంచి మొదలయ్యేలా మార్చాం. టైమర్ టిక్ (ఒక ఇంటరప్టు) వచ్చింది, కానీ ఒక్కటే. పని అయిందని కంట్రోలర్‌కి చెప్పకపోతే అది రెండోది పంపదు. అదీ రాశాక సెకనుకి సుమారు 18 టిక్కుల చొప్పున లెక్క కదులుతుంటే చాయ్ చల్లారిపోతున్నా ఎవరూ లేవలేదు.

సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ సభ్యుల ఇళ్లు మునిగాయి. కెర్నల్‌ని నడిపి చూడటానికని ఒకరి ఇంట్లో పెట్టిన మన రెండు పాత డెస్క్‌టాప్‌లూ పోయాయి. ఆ నెల తరగతులు పెట్టలేదు, మనవాళ్లంతా ఇళ్లలో బురద ఎత్తడానికి వెళ్లారు. తర్వాత సంక్రాంతి దాకా క్యూఈఎంయూ (కంప్యూటర్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) మీదే పని సాగింది. సంక్రాంతికి ఒక సభ్యుడు సీరియల్ పోర్టు (కేబుల్ ద్వారా ఇంకో కంప్యూటర్‌కి అక్షరాలు పంపే పాతతరం కనెక్టర్) ఉన్న పాత మెషీన్ ఇచ్చారు. ఆయనకి సంఘం తరఫున కృతజ్ఞతలు.

బూట్ సెక్టార్ జట్టు కెర్నల్ క్యూఈఎంయూలో చక్కగా నడిచేది. ఈ మెషీన్ మీద తెర నల్లగా ఉండిపోయింది. సీరియల్ పోర్టుకి పంపిన అక్షరాలు మాత్రం ల్యాప్‌టాప్‌లో వచ్చాయి. దాంతో కర్సర్ వరుస నంబరు కూడా అటే పంపి చూశాం. ఇరవై ఐదు వరుసల తెరకి లక్షల్లో సంఖ్య! విలువ ఇవ్వని గ్లోబల్ చరరాశి సున్నాతో మొదలవుతుందని సీ మాట ఇస్తుంది, కానీ ఆ మాట నిలబెట్టాల్సింది లోడ్ చేసేవాళ్లు. ఇక్కడ లోడర్ మనదే. క్యూఈఎంయూ మెమరీ మొదట సున్నాలతో ఉంటుంది కాబట్టి తప్పు దాగింది. అసలు మెషీన్‌లో చెత్త ఉంది. కెర్నల్‌లోకి దూకేముందు ఆ భాగాన్ని సున్నా చేసే నాలుగు వరుసలు రాస్తే తెర వెలిగింది.

నా గట్టి అభిప్రాయం ఒకటి చెబుతాను. కొత్తవాళ్లు మొదటి రోజే సీరియల్ పోర్టుకి ఒక అక్షరం పంపడం నేర్చుకోవాలి, రెండో రోజు ప్రోగ్రాంని ఆపి లోపల చూపించే జీడీబీ డీబగ్గర్‌ని క్యూఈఎంయూకి తగిలించాలి. మేము వాటిని తర్వాతకి వదిలేసి నెలలు పోగొట్టుకున్నాం. రీస్టార్ట్ కాకుండా ఆగే ఆప్షను, ప్రతి ఇంటరప్టునీ రాసిపెట్టే ఆప్షను క్యూఈఎంయూలోనే ఉన్నాయి. అవి తెలిశాక ఊహలు తగ్గాయి.

ఇప్పుడు పేజింగ్ (ప్రోగ్రాం వాడే చిరునామాలను పట్టికల ద్వారా అసలు మెమరీకి కలిపే ఏర్పాటు) దగ్గర ఆగి ఉన్నాం. కెర్నల్‌ని పై చిరునామాలకి మార్చి, కింది మ్యాపింగ్ తీసేయగానే రీస్టార్ట్ అవుతోంది. మ్యాప్ కాని చిరునామా తాకితే పేజ్ ఫాల్ట్ వస్తుంది, ఆ చిరునామా సీఆర్2 రిజిస్టర్‌లో ఉంటుంది. అందులో బీ8000 ఉంది, అది తెర మెమరీ చిరునామా. అంటే పేజ్ ఫాల్ట్ సంగతి తెరమీద రాయబోయిన ఫంక్షనే మళ్లీ అదే ఫాల్ట్‌లో పడుతోంది. వచ్చే ఆదివారం ఉదయం పదింటికి తెర పేజీని కొత్త పట్టికలో మ్యాప్ చేయడంతో మొదలుపెడతాం. ఎవరింట్లోనైనా తొమ్మిది పిన్నుల సీరియల్ కేబుల్ ఉంటే తీసుకురండి, ఉన్నదాని పిన్ను వంగింది.

కార్యదర్శి