లంక గట్టు, నీ మంచు కొండ

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. కార్తీకమాసం కదా, మీ అమ్మ చీకటితోనే రేవుకెళ్ళి దీపం వదిలి వస్తోంది. లంకలో గెలలు దిగాయి, ధర పరవాలేదు. నువ్వు ఫోన్ చేసి రెండు ఆదివారాలైంది. పని ఎక్కువేమోలే అనుకున్నాం.

సూరిబాబు నీ ఫోటో చూపించాడు. అమెరికాలోని కొలరాడో కొండదారి, లవ్‌ల్యాండ్ పాస్‌లో మోకాళ్ళ లోతు మంచులో ఉన్నావు. ఇంకా సీజన్ మొదలే, మంచు కొంచెమేగా అంటావు. నా టెన్షన్ ఆ కొంచెంతోనే. కింద నేల వెచ్చగా, పైన గాలి బాగా చల్లగా ఉంటే, మధ్యనున్న పలచటి మంచు పట్టు వదిలి పంచదార పలుకుల్లా అయిపోతుంది. తర్వాత పడిన మంచు దాని మీద పలకలా కూర్చుంటుంది. మీ అమ్మ పూతరేకు చుడుతుంటే పంచదార మీద పైరేకు జారడం చూశావుగా, అలాగే. 2013 ఏప్రిల్ 20న ఆ పాస్ దగ్గరే అలా మంచుచరియ జారి, దానిలో ఆరుగురు చిక్కుకుంటే ఐదుగురు పోయారు. అందరూ అనుభవం ఉన్నవాళ్ళే. చలికాలం మొదట్లో పడ్డ అడుగు మంచుకి ఏప్రిల్ దాకా పట్టు కుదరలేదు.

86 వరద తీశాక తాతయ్యా నేనూ లంకలో గడ్డి కోస్తున్నాం. పైన గట్టి ఒండ్రు, అడుగున ఇసుక. అంచుకి నాలుగు మూరల లోపల వేలు పట్టేంత బీట కనబడింది. గట్టి నేలేగా అన్నాను. తాతయ్య మాట్లాడకుండా నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగేశారు. మోపు తెచ్చుకుంటానన్నా వదల్లేదు. మధ్యాహ్నం అన్నాలు తింటుంటే ఫిరంగి పేలినట్టు చప్పుడైంది. వెళ్ళి చూస్తే గట్టు లేదు, పదిహేను అరటిచెట్లు గెలలతో సహా గోదాట్లో తేలుతున్నాయి.

నీ కాళ్ళ దగ్గర మంచు బీటలిచ్చినా, లోపల బుస్సుమని కుంగినా వచ్చిన దారినే వెనక్కి వచ్చెయ్యి. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదకే కాదు, దాని కిందకీ వెళ్ళకు. బయల్దేరే ముందు ఆ రోజు మంచుచరియల హెచ్చరిక చదువు. పూడిన చోటు తెలిపే రేడియో బీకన్, మంచులో గుచ్చి వెతికే కడ్డీ ప్రోబ్, తవ్వే పార నీ ఒక్కడి దగ్గరుంటే చాలదు, వెంట వచ్చేవాళ్ళందరి దగ్గరా ఉండాలి. పూడిపోయినవాణ్ణి పావుగంటలో తీయాలి నాన్నా, సాయం కోసం కబురు పంపితే వాళ్ళొచ్చేదాకా ఊపిరి నిలవదు. తీసేది పక్కవాడే.

పెద్దత్త అల్లుడు 18న బయల్దేరుతున్నాడు. కందిపొడి, పూతరేకులు, మందపాటి మేజోళ్ళు పంపుతున్నాం. మేజోళ్ళు తడిస్తే వెంటనే మార్చుకో.

ఈ ఆదివారం ఏ వేళైనా సరే, ఫోన్ చెయ్యి. మంచం పక్కనే పెట్టుకుంటాను.

నాన్న