టీవీ ప్రకటనల్లో అంగుళాలే కాదు, వెనక పోర్టులూ చెప్పాలి

ఎడిటర్ గారికి,

నమస్కారం. పండగ వచ్చిందంటే అన్ని పత్రికల్లోనూ మొదటి పేజీ నిండా టీవీల ప్రకటనలే. 32 అంగుళాలు, 43 అంగుళాలు, ఇంత తగ్గింపు, నెలకు ఇంత వాయిదా అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టులు (బొమ్మ, శబ్దం రెండూ ఒకే వైరులో వచ్చే రంధ్రాలు) ఎన్ని, యూఎస్‌బీ ఎంత కరెంటు ఇస్తుంది, లోపల ఏ ట్యూనర్ (ఛానళ్లను పట్టే భాగం) ఉంది అన్న ముక్క మాత్రం చిన్న అక్షరాల్లో కూడా కనపడదు. తక్కువ ధర టీవీ కొన్నవాళ్లు నాలుగు రోజులకే "టీవీ బాగాలేదు" అనేస్తారు. ఆ ఇబ్బందుల్లో చాలావాటికి టీవీ కారణమే కాదు. తగని పోర్టు, చాలని కరెంటు, మార్చని సెట్టింగు. ఈ మూడూ తెలియక జనం బాగున్న టీవీని మార్చేస్తున్నారు, అక్కర్లేని వస్తువులు కొంటున్నారు. అందుకే ఈ ఉత్తరం.

ముందు పోర్టుల లెక్క. 32 అంగుళాల చవక టీవీకి మామూలుగా రెండు హెచ్‌డీఎంఐలు ఉంటాయి. అందులో ఒకదాని పక్కన "ఏఆర్‌సీ" అని ఉంటుంది, అంటే టీవీ శబ్దాన్ని బయటికి పంపే పోర్టు. సౌండ్‌బార్ పెట్టుకుంటే అది ఆ పోర్టులోనే పెట్టాలి, రెండో దాంట్లో పెడితే టీవీ శబ్దం దానికి చేరదు. ఇక మిగిలింది ఒక్కటి. సెటాప్ బాక్సుకా, యాప్‌లలో సినిమాలు చూపే ఫైర్ టీవీ స్టిక్ లాంటిదానికా, ల్యాప్‌టాప్‌కా? ఇక్కడ మూడు పోర్టుల హెచ్‌డీఎంఐ స్విచ్ కొనుక్కుంటే సరిపోతుంది. కానీ షాపులో "స్ప్లిటర్" చేతిలో పెడతారు. స్విచ్ అంటే మూడు వస్తువులను ఒక టీవీకి కలిపేది, స్ప్లిటర్ అంటే ఒక వస్తువును రెండు టీవీలకు పంచేది. పెట్టె మీద "3 ఇన్, 1 అవుట్" అని చూసి తీసుకోవాలి. చవక స్విచ్ మధ్యలో పెట్టాక తెర నల్లబడిపోతే, కాపీ రక్షణ కోసం టీవీకీ స్టిక్కుకీ మధ్య జరిగే పలకరింపు కుదరలేదన్నమాట. అన్నీ ఆపి ముందు టీవీ, తర్వాత స్విచ్, చివర స్టిక్ వేయండి. అప్పటికీ రాకపోతే స్విచ్ తీసేసి నేరుగా పెట్టి చూడండి. బొమ్మ వచ్చిందంటే లోపం స్విచ్‌దే.

ఫైర్ టీవీ స్టిక్ లాంటివాటితో వచ్చే మొదటి పేచీ కరెంటుతోనే. టీవీ యూఎస్‌బీ పోర్టు మామూలుగా 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్ ఇస్తుంది. స్టిక్‌తో పాటు వచ్చే అడాప్టర్ 1 ఆంపియర్ ఇస్తుంది, అంటే రెండింతలు. గోడ ప్లగ్గు దూరమని యూఎస్‌బీకే తగిలిస్తే లోగో వస్తుంది, మెనూ కూడా వస్తుంది. సినిమా మొదలెట్టగానే వైఫై, ప్రాసెసర్ రెండూ కరెంటు లాగుతాయి, స్టిక్ ఆరిపోయి మళ్లీ లోగో దగ్గరికే వస్తుంది. జనం ఇది చూసి స్టిక్ పాడైందనుకుంటారు. దాని అడాప్టర్, దానితో వచ్చిన వైరే వాడాలి. పాత ఫోను సన్న వైరు పెడితే దారిలోనే వోల్టేజీ పడిపోయి అదే జబ్బు తిరగబెడుతుంది. ఇంకో సంగతి, టీవీ ఆపగానే యూఎస్‌బీకి కరెంటు పోయే టీవీలున్నాయి. వాటికి తగిలిస్తే స్టిక్ ప్రతిసారీ మొదటి నుంచి లేవాల్సిందే.

స్టిక్ పెట్టెలో జానెడు లేని చిన్న హెచ్‌డీఎంఐ ముక్క ఒకటి వస్తుంది. చాలామంది దాన్ని పారేస్తారు. గోడకు ఆనుకున్న టీవీ వెనక వేడి ఎక్కువ, గాలి ఆడదు, పైగా టీవీ వీపున ఉన్న రేకు వైఫైకి అడ్డం. ఆ ముక్కతో స్టిక్‌ను బయటికి వేలాడదీస్తే వేడీ తగ్గుతుంది, సిగ్నలూ పెరుగుతుంది. హెచ్‌డీ బొమ్మకు సెకనుకు 5 మెగాబిట్ల వేగం నిలకడగా ఉంటే చాలు. బొమ్మ ఆగి ఆగి వస్తుంటే పెద్ద ప్లాను తీసుకునే ముందు రూటర్ ఎక్కడుందో చూడండి. రెండు గోడల అవతల ఉంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై అంతదూరం రాదు, 2.4కు మార్చాలి. ఒకే గదిలో ఉంటే 5 మేలు.

"హెచ్‌డీ రెడీ" అని రాసి ఉన్న 32 అంగుళాల తెరలో ఉండేది అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. దానికి 4కే స్టిక్ పెట్టినా బొమ్మ మెరుగవదు. అయితే టీవీలో ఉన్న యాప్‌లు నత్తనడక నడుస్తుంటే మామూలు స్టిక్ పెట్టుకోవడం మంచి ఉపాయమే. చవక స్మార్ట్ టీవీల్లో ర్యామ్ 1 జీబీ, నిల్వ 8 జీబీ మాత్రమే ఉండేవి చాలా ఉన్నాయి. నాలుగు యాప్‌లు అప్‌డేట్ అయ్యేసరికి వాటికి ఊపిరాడదు. టీవీ మార్చడం కంటే స్టిక్ ఎంతో చవక. బజార్లో దొరికే పేరు లేని ఆండ్రాయిడ్ పెట్టెలు మాత్రం వద్దు. వాటిలో చాలావాటికి వైడ్‌వైన్ ఎల్1 అనే కాపీ రక్షణ అనుమతి ఉండదు. అది లేకపోతే డబ్బు కట్టి చూసే యాప్‌లు కూడా మసక బొమ్మే పంపుతాయి. పెట్టె మీద 8కే అని రాసి ఉన్నా చూసేది 480 గీతల బొమ్మే.

ల్యాప్‌టాప్ కలపడం తేలిక. హెచ్‌డీఎంఐ వైరు పెట్టి, టీవీ రిమోట్‌లో సోర్స్ మార్చి, ల్యాప్‌టాప్‌లో విండోస్ కీతో పాటు పీ నొక్కి "డూప్లికేట్" ఎంచుకోవాలి. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే కింద కుడిమూల స్పీకరు గుర్తు నొక్కి టీవీ పేరు ఎంచుకోవాలి. తెర అంచులు తెగిపోయి కింద టాస్క్‌బార్ కనపడటం లేదని చాలామంది ల్యాప్‌టాప్‌ను సతాయిస్తారు. తప్పు టీవీ సెట్టింగులో ఉంది. ట్యూబు టీవీల కాలంలో అంచుల్లో వచ్చే చెత్త కనపడకుండా బొమ్మను కాస్త పెద్దది చేసి చూపేవారు, ఆ అలవాటు ఇప్పటి టీవీల్లోనూ ఉండిపోయింది. పిక్చర్ సైజులో "జస్ట్ స్కాన్" లేదా "స్క్రీన్ ఫిట్" లేదా "డాట్ బై డాట్" అని ఉంటుంది, అది పెడితే అంచులు తిరిగొస్తాయి. అక్షరాలు అలికినట్టు మసగ్గా ఉంటే ల్యాప్‌టాప్ రిజల్యూషన్‌ను 1366 లేదా 1360 బై 768కి మార్చి, టీవీలో షార్ప్‌నెస్ బాగా తగ్గించాలి. పిల్లలు ఆన్‌లైన్ పాఠాలు చూసే ఇళ్లలో ఈ రెండు మార్పులూ కళ్లకు ఎంత హాయో చెప్పలేం.

పాత కంప్యూటరుకు నీలం రంగు వీజీఏ మాత్రమే ఉంటే ఉత్తి వైరుతో పని జరగదు. వీజీఏలో వచ్చేది అనలాగ్ సిగ్నల్, శబ్దం అసలు రాదు. "వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐ" అని రాసి, యూఎస్‌బీ కరెంటు తోక, ఆడియో పిన్ను ఉన్న కన్వర్టర్ కావాలి. ఇది తిరగేసి పనిచేయదు, కొనేటప్పుడు ఎటు నుంచి ఎటు అని గట్టిగా అడగాలి. ట్యూబు టీవీకి స్టిక్ కలిపే చిన్న డబ్బా సంగతీ అంతే. "హెచ్‌డీఎంఐ టు ఏవీ" కావాలి, దాని తోబుట్టువులా ఉండే "ఏవీ టు హెచ్‌డీఎంఐ" కాదు. దాని పక్కన ఉన్న చిన్న మీటను మన టీవీల పద్ధతి అయిన "పాల్" వైపు పెట్టాలి. అమెరికా పద్ధతి అయిన "ఎన్‌టీఎస్‌సీ" వైపు ఉంటే బొమ్మ దొర్లుతుంది, లేదా రంగులు పోయి నలుపు తెలుపులో వస్తుంది. ఫోనుకు టైప్ సీ ఉంది కదా అని హెచ్‌డీఎంఐ వైరు కొనేవాళ్లకు ఒక్క మాట: తక్కువ ధర ఫోన్లలో చాలావాటి టైప్ సీ నుంచి బొమ్మ బయటికి రాదు, ఛార్జింగు, ఫైళ్లే.

పెన్‌డ్రైవ్‌లో సినిమాకు బొమ్మ వచ్చి మాట రాకపోతే ఆ ఫైలులో ఉన్న డీటీఎస్ అనే పద్ధతి శబ్దం టీవీకి అర్థం కావడం లేదని. టీవీని తప్పుపట్టి లాభం లేదు.

ఇక డిష్, యాంటెన్నా. ఎక్కువ గందరగోళం ఇక్కడే. మేడ మీద చేప ముల్లులాంటి యాంటెన్నాతో దూరదర్శన్ చూసే రోజులు మన ఊళ్లలో ముగిశాయి. అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను ప్రసార భారతి 2021-22లో చాలావరకు ఆపేసింది. నెలవారీ చందా లేకుండా చూడాలంటే దారి 2004 డిసెంబరులో మొదలైన డీడీ ఫ్రీ డిష్. యాదగిరి, సప్తగిరి రెండూ అందులో వస్తాయి. అయితే డిష్ వైరు తెచ్చి టీవీ వెనక "ఆంట్ ఇన్" అని ఉన్న గుండ్రటి రంధ్రంలో గుచ్చితే ఏమీ రాదు. డిష్ ముందున్న ఎల్‌ఎన్‌బీ అనే సిగ్నల్ పట్టే డబ్బాకు 13 లేదా 18 వోల్టుల కరెంటు వైరులోంచే పైకి వెళ్లాలి. అది పంపేది సెటాప్ బాక్సు, లేదా లోపల శాటిలైట్ ట్యూనర్ ఉన్న టీవీ. అలాంటి టీవీల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 18112 అనే ప్రమాణాన్ని 2023 జనవరిలో ప్రకటించింది. ఆ టీవీ ఉంటే విడిగా పెట్టె లేకుండానే ఎన్‌క్రిప్ట్ చేయని (తాళం వేయని) ఉచిత ఛానళ్లు వస్తాయి. గుర్తు తేలిక: మర బిగించే రకం పోర్టు, పక్కన "ఎల్‌ఎన్‌బీ" లేదా "శాట్" అని ఉంటుంది. టీవీ కొనేటప్పుడు దీన్ని చూసే నాథుడే లేడు, చూపించే షాపూ లేదు.

ఫ్రీ డిష్ కోసం గొడుగు (డిష్) తిప్పాల్సింది 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 ఉపగ్రహం వైపు. దిక్సూచిలో హైదరాబాద్ నుంచి దాదాపు 138 డిగ్రీలు, విజయవాడ నుంచి 141, విశాఖ నుంచి 149. అంటే ఆగ్నేయ మూల, విశాఖలో ఇంకాస్త దక్షిణానికి. ఎత్తు 63 నుంచి 66 డిగ్రీలు, ఆకాశంలో బాగా పైన. ఇంటి గొడుగులు ఏటవాలు రకం కాబట్టి కంటికి అంత పైకి చూస్తున్నట్టు ఉండవు, అది చూసి ఇంకా పైకి వంచకండి. చెట్టు అడ్డమా అన్న అనుమానానికి లెక్క ఉంది. గొడుగుకు ఆ దిక్కున 10 అడుగుల దూరంలో ఉన్న కొబ్బరి చెట్టు గొడుగు కంటే దాదాపు 20 అడుగులు ఎత్తుంటే అడ్డం వస్తుంది, తక్కువైతే రాదు. బిగించేటప్పుడు పెట్టె మెనూలో "స్ట్రెంత్" గీత చూడకండి, "క్వాలిటీ" గీత చూడండి. స్ట్రెంత్ ఏ దిక్కుకైనా లేస్తుంది, క్వాలిటీ సరైన ఉపగ్రహానికే లేస్తుంది. వేలెడు జరిపి రెండు మూడు సెకన్లు ఆగండి, పెట్టె పట్టుకోవడానికి ఆ మాత్రం సమయం కావాలి. రెండు గదులకు రెండు పెట్టెలు కావాలంటే కేబుల్ టీవీ స్ప్లిటర్ పెట్టొద్దు, రెండు మూతుల ఎల్‌ఎన్‌బీ వేసి రెండు వైర్లు దించండి. వానాకాలం తర్వాత ఛానళ్లు పోతే ముందు పైనున్న పిన్ను విప్పి చూడండి, రాగి పచ్చబడి ఉంటే నీరు దిగినట్టే. రెండంగుళాలు కోసి కొత్త పిన్ను వేసి టేపు చుడితే చాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఎవరూ చెప్పనిది ఇంకొకటి ఉంది. టీవీలకు, పెట్టెలకు రెండు పిన్నుల ప్లగ్గులే ఎక్కువ, ఎర్త్ ఉండదు. లోపలి కరెంటు ఫిల్టరు కెపాసిటర్ల వల్ల వాటి లోహపు భాగాలు 230లో సగం దాకా వోల్టేజీలో తేలుతుంటాయి. కరెంటు అతి స్వల్పం, ముట్టుకుంటే జిల్లుమంటుంది, అంతే. కానీ అన్నీ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ గుచ్చితే ఆ తేడా అంతా పిన్ను దగ్గర చిటుక్కున మెరిసి పోర్టు చిప్పు కాలిపోవచ్చు. కేబుల్ టీవీ వైరు కలిసి ఉంటే ఇంకా ప్రమాదం, వీధిలో ఏ ఇంటి లోపమైనా ఆ వైరు మీదుగా మీ టీవీ దాకా నడిచి వస్తుంది. పోర్టు పోతే చవక టీవీలో మదర్‌బోర్డే మార్చాలి. అందుకే రిమోట్‌తో ఆపడం కాదు, ప్లగ్గులు పీకి, కేబుల్ విప్పి, హెచ్‌డీఎంఐ పెట్టి, తర్వాత కేబుల్, చివర కరెంటు. ఉరుములు మొదలవక ముందే ప్లగ్గుతో పాటు డిష్ వైరు కూడా తీయాలి. స్విచ్ ఆపితే చాలదు.

అమెరికా నుంచి బంధువులు టీవీ తెస్తామంటే రెండు చూసుకోమనండి. వెనక చీటీ మీద 100-240 వోల్టులని ఉందా, మన సెటాప్ బాక్సు పంపే 50 హెర్ట్జ్ బొమ్మను తీసుకుంటుందా. అక్కడి టీవీల్లో కొన్ని 60 మాత్రమే తీసుకుని "నాట్ సపోర్టెడ్" అంటాయి. వాటి యాంటెన్నా ట్యూనర్ కూడా అక్కడి పద్ధతిదే, మన దగ్గర దానితో పని లేదు.

మా విన్నపం చిన్నది. టీవీ ప్రకటన వేసేవాళ్లను ధర పక్కనే ఒక్క వాక్యం చేర్చమని మీ పత్రిక అడగాలి. హెచ్‌డీఎంఐలు ఎన్ని, ఏఆర్‌సీ ఏది, యూఎస్‌బీ ఎన్ని ఆంపియర్లు, శాటిలైట్ ట్యూనర్ ఉందా లేదా, ర్యామ్ ఎంత, తెర చుక్కలెన్ని. ఇవే అంకెలు టీవీ అట్టపెట్టె మీద తెలుగులో కూడా ఉండాలి. షాపులో టీవీని గోడకు తగిలించి ముందు వైపే చూపిస్తున్నారు, కొనేవాళ్లు అడిగితే వెనక్కి తిప్పి చూపించేలా ఒక్కటైనా స్టాండు మీద ఉంచాలి.

ఇట్లు,
కొందరు టీవీ, డిష్ మెకానిక్‌లు,
విజయవాడ.