వీధిలో నిలిపే బండ్లకూ తుపాను జాగ్రత్తలు చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

తుపాను హెచ్చరిక వెలువడిన ప్రతిసారీ మా వీధికి మైకు కట్టిన ఆటో వస్తుంది. పైకప్పు రేకులు గట్టిగా కట్టుకోవాలని, హోర్డింగుల కింద నిలబడవద్దని, మంచినీళ్లు పట్టి ఉంచుకోవాలని చెప్పుకుంటూ వెళ్లే ఆ మైకు, అదే వీధిలో గోడ వెంబడి బారుగా నిలిపి ఉన్న మోటారు సైకిళ్ల గురించి మాత్రం ఒక్క మాట కూడా చెప్పదు. సెల్లారు లేని పాత ఇళ్లలో అద్దెకుండే మాబోటి వాళ్లకు బండి నిలుపుకోవడానికి వీధి తప్ప వేరే చోటు లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ వద్ద తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. ఆ ఉదయం నేను గాలివాటం చూసుకునే బండి నిలిపాను. సైడ్ స్టాండు ఎడమవైపు ఉంటుంది కనుక గాలి కుడివైపు నుంచి కొడితే బండి స్టాండు మీదికే ఒరిగి నిలదొక్కుకుంటుంది. ఎడమవైపు నుంచి కొడితే ముందు నిటారుగా లేచి, తర్వాత అవతలికి పడుతుంది. ఈ లెక్క ప్రకారం తుపాను మొదటి సగమంతా నా బండి కదల్లేదు. అయితే తుపాను కన్ను ఊరి మీదుగా సాగుతున్నంతసేపు గాలి నిలిచిపోయి, ఆపైన మళ్లీ లేచినప్పుడు ఎదురు దిక్కు నుంచి వీచింది. బండి పడింది అప్పుడే. పడుతూ పక్కనున్న మూడింటిని కూడా పడగొట్టింది. ట్యాంకుకు అరచేయంత సొట్ట పడింది, క్లచ్ లివరు సగానికి విరిగింది, వాననీటి మీద పెట్రోలు రంగురంగులుగా తేలింది.

కాబట్టి వేసవిలో వచ్చే ఈదురుగాలికి పనికొచ్చే జాగ్రత్త తుపానుకు చాలదు. తుపాను గాలి దిక్కు మారుతుందని ముందే తలచి, గట్టి గోడ వారన, చెట్లకూ కరెంటు తీగలకూ దూరంగా బండిని చేర్చి, గోడలోని ఇనుప ఊచకో గేటు స్తంభానికో రెండు వైపులా నైలాన్ తాడుతో బిగించాలి. తాడును హ్యాండిలుకు కాక చట్రానికే కట్టాలి. కరెంటు స్తంభానికి కట్టడం మాత్రం ప్రాణాపాయం. వాననేలలో స్టాండు దిగబడకుండా కింద నాపరాయి ముక్క వేసి, బండిని మొదటి గేరులో ఉంచాలి. గేర్లు లేని స్కూటరైతే బ్రేకు లివరును పాత సైకిల్ ట్యూబు ముక్కతో హ్యాండిలుకు బిగించి కట్టాలి. సెంటర్ స్టాండే భద్రమని చాలామంది అంటారు గానీ, దానిమీద నిటారుగా నిలిచిన బండి పక్కగాలికి ఎటైనా పడవచ్చు.

బండికి తొడిగే కవరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. వదులుగా తొడిగిన కవరులోకి అలాంటి గాలి దూరితే అది తెరచాపే. తడవకూడదని కొన్న కవరే బండిని పడదోస్తుంది. గాలి హెచ్చరిక ఉన్న రోజున దాన్ని తీసి ఇంట్లో పెట్టుకోవడమే మేలు, బండి తడిస్తే ఆరుతుంది.

బీమా విషయంలోనూ మా వీధిలో అపోహ ఉంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయ్యింది. ఆ కాగితం చూసుకుని ఐదేళ్లదాకా బెంగ లేదనుకునేవాళ్లు ఎందరో. గాలికి పడిన సొంత బండి మరమ్మతుకు అందులో పైసా రాదు. సొంత నష్టానికి వర్తించే పాలసీ వేరుగా అమల్లో ఉండాలి.

నగరపాలక సంస్థకు నా విన్నపం ఒక్కటే. హెచ్చరిక వెలువడిన రోజున ప్రహరీ గోడలున్న పాఠశాల ఆవరణల్లో, పునరావాసానికి వచ్చేవారికి అడ్డం కాని మూలన, వీధి బండ్లు నిలుపుకోనివ్వాలి. వాణిజ్య భవనాల సెల్లార్లు ఇందుకు పనికిరావు, వాటిలోకి ముందు నీళ్లే చేరతాయి. అలాగే మైకు ఆటోలో చదివే ప్రకటనలో కవర్లు తీసేయమని, గాలి దిక్కు మారుతుందని, కరెంటు స్తంభాలకు బండ్లు కట్టవద్దని ఈ అక్టోబరుకల్లా చేర్చాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం