మీ గోడలు ఇంకా ఎందుకు మూయలేదంటే

చలి ముదిరేలోపు మీ గోడల్లో ఇన్సులేషన్, అంటే చలిని ఆపే సరుకు, పెట్టే పని పూర్తి చేస్తానని మాటిచ్చి తప్పాను. నాలుగు ఇళ్లలో గోడల చట్రాలు బోసిగా నిలబడి ఉన్నాయి. కారణం ఇంకొకరి నోట వినేకంటే నా నోటే వినండి.

గోడల్లో నింపే రాక్‌వూల్ (రాతి ఉన్ని) లోడు వచ్చింది. పై వరస కట్టలు పొడిగానే ఉన్నాయి. కింది వరసలో ఒకటి ఎత్తబోతే బరువులోనే తేడా తెలిసింది. కవరు మూల చించితే నీళ్లు కారాయి. సరఫరాదారుకు ఫోను చేస్తే, "రెండు రోజులు ఎండలో పెట్టి వాడేయండి, గోడలోకి వెళ్లాక ఎవరు చూస్తారు?" అన్నాడు. ఆ మాట నాతో అన్నాడు! లోడు వద్దంటే, రేకు అంటించిన ఫోమ్ పలకలు అదే ధరకు ఇస్తానన్నాడు.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆ ఫోమ్ పలకలేమీ నాసిరకం సరుకు కాదు. అంతే మందంలో రాక్‌వూల్ కంటే బాగా చలిని ఆపుతాయి. "పెట్టేయండి, వణుకుతున్నాం" అని మీలో ఒకరు అన్నారు కూడా. తప్పు పట్టను.

కానీ మీవి పాత చెక్క ఇళ్లు. ఇన్నాళ్లూ గది వేడి గోడలోంచి పోతూ బయటి చెక్క పలకలను ఆరబెట్టేది. లోపల ఇన్సులేషన్ పడగానే అవి చల్లబడతాయి, తడిస్తే ఆలస్యంగా ఆరతాయి. పైగా రేకుతో మూస్తే, తడి లోపలివైపు ఆరే దారి కూడా పోతుంది. పాత గోడ తిన్నగా ఉండదు కాబట్టి బిరుసు పలక వెనక సందు మిగులుతుంది. గదిలోని తేమగాలి అందులో దూరి చల్లటి చెక్క మీద నీరవుతుంది. కుళ్లు బయటపడేనాటికి నేను డబ్బు తీసుకుని ఎన్నేళ్లవుతుందో! అందుకే వద్దన్నాను. రాక్‌వూలే పెడతాను. దాని మీద, గోడలో తేమ పెరిగితే ఆవిరిని గదివైపు వదిలే రకం పొర వేస్తాను.

కొత్త సరుకు వేరే చోట కొన్నాను. ధర తేడా నాదే, మీ లెక్క మారదు. ఈలోగా అటకల మీద ఇన్సులేషన్ పరిచి, కిటికీల చుట్టూ సందులు పూడుస్తున్నాం. తక్కువ ఖర్చుతో ఎక్కువ వెచ్చదనం వచ్చేది అక్కడే. పసిపిల్లలున్న ఇంటి గోడలు ముందు మూస్తాను. తేమ మీటరు పిన్నులు మీ ఎదురుగానే చెక్కలో గుచ్చుతాను. చెక్కలో తేమ 20 శాతం దాటితే ఎవరు తొందరపెట్టినా గోడ మూయను.

ఫోమ్ పలకలే కావాలంటే అడ్వాన్సు మొత్తం తిరిగిస్తాను. వేరేవాళ్లతో చేయించుకోండి.

తడి కట్టలు ఇంకా నా షెడ్డు బయటే పడి ఉన్నాయి. తీసుకెళ్లమని ఆ పెద్దమనిషికి ఇప్పటికి మూడుసార్లు ఫోను చేశాను.