సంఘం లెక్క ఒక్కరి చేతిలో ఉండకూడదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

పెద్ద ట్రస్టులో డబ్బు దారి మళ్లిందంటే మొదటి పేజీలో వార్త వస్తుంది. జీతం తీసుకునే ఉద్యోగి ఒకరో ఇద్దరో ఉండి, మిగతా పనంతా సభ్యులే చేసుకునే చిన్న సేవా సంఘాల లెక్కల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. చదువు చెప్పే కేంద్రాలు, చిన్న గ్రంథాలయాలు, వృద్ధులను చూసుకునే బృందాలు ఎన్నో ఇలాగే నడుస్తున్నాయి. అలాంటి సంఘాల జమాఖర్చులు చూసే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చూసినంతలో ఈ సంఘాలను ఎక్కువగా దెబ్బతీసేది దొంగతనం కాదు. పనంతా ఒక్కరి మీద పడటం, ఆ ఒక్కరి మీద గౌరవంతో మిగతావాళ్లు అడగడం మానేయడం. విరాళం తీసుకునేది కోశాధికారే. రసీదు రాసేదీ, బ్యాంకులో వేసేదీ, బిల్లు కట్టేదీ, క్యాష్ బుక్ నింపేదీ, చివరికి సర్వసభ్య సమావేశంలో లెక్క చదివేదీ ఆయనే. "ఆయన లేకపోతే సంఘమే లేదు" అంటారు అందరూ, చాలాచోట్ల అది నిజం కూడా. అలాంటి చోట ఒక సభ్యురాలు లేచి "ఆ బిల్లు ఒకసారి చూపిస్తారా" అని అడిగితే, కోశాధికారి కంటే ముందు పక్కన కూర్చున్నవాళ్లే కోప్పడతారు. ఇన్నేళ్లుగా చేస్తున్న మనిషిని అనుమానిస్తారా అంటారు.

లెక్క అడగడంలో అనుమానం ఎక్కడుంది? ఇంకొకరు చూడని లెక్క వల్ల మొదట నష్టపోయేది నిజాయితీగా పనిచేసిన కోశాధికారే. ఎప్పుడో ఒక రసీదు కనిపించకుండా పోతుంది, ఒక వోచర్ మీద సంతకం ఉండదు. కొత్త కార్యవర్గం వచ్చి పాత పుస్తకాలు తిరగేస్తుంది. అప్పుడు తాను తినలేదని చెప్పుకోవడానికి ఆయన దగ్గర తన మాట తప్ప ఏమీ ఉండదు. ప్రతి నెలా మరో సభ్యుడు క్యాష్ బుక్‌నీ బ్యాంకు స్టేట్‌మెంట్‌నీ పక్కపక్కన పెట్టుకుని, ఒక్కో పద్దూ సరిచూసి కింద సంతకం చేసి ఉంటే ఆయనకు ఆ టెన్షన్ ఉండేది కాదు. చిన్న సంఘంలో ఈ పనికి నెలకు గంట కూడా పట్టదు.

"ఆడిటర్ ఉన్నారు కదా" అనే జవాబు చాలాసార్లు విన్నాను. ఆడిటర్ చూసేది ముఖ్యంగా తన ముందు పెట్టిన పుస్తకాలే. రసీదే రాయని విరాళం ఆ పుస్తకాల్లో ఉండదు. అందుకే రసీదు పుస్తకాలకు వరుస నంబర్లు ఉండాలి, ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో రాసి పెట్టాలి, వాడకుండా మిగిలిన రసీదులను కూడా వెనక్కి తీసుకుని లెక్కపెట్టాలి. మోసాలపై అధ్యయనం చేసే అంతర్జాతీయ సంస్థ అసోసియేషన్ ఆఫ్ సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్స్ 2024 నివేదిక ప్రకారం, పరిశీలించిన కేసుల్లో 43 శాతం ఎవరో ఒకరు సమాచారం ఇవ్వడం వల్లే బయటపడ్డాయి. బయటి ఆడిట్ పట్టుకున్నవి వాటితో పోలిస్తే చాలా తక్కువ. అంటే కళ్లు తెరిచి చూసే సభ్యులే సంఘానికి పెద్ద కాపలా.

చెక్కు మీద ఇద్దరు సంతకం చేయాలన్న నియమం దాదాపు ప్రతి సంఘం నియమావళిలోనూ ఉంటుంది. ఆచరణలో, ఊరు వెళ్లే ముందు అధ్యక్షుడు పది ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తాడు. ఇప్పుడైతే చెక్కుల అవసరం కూడా తగ్గిపోయింది. ఇంటర్నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ ఒకరి దగ్గరే ఉంటుంది, ఓటీపీ వచ్చేది కూడా అదే మనిషి ఫోన్‌కే. ఇద్దరి సంతకం నియమం కాగితం మీద అలాగే ఉంది, డబ్బు మాత్రం ఒక్క వేలితో కదులుతోంది. ఒకరు చెల్లింపు నమోదు చేస్తే ఇంకొకరు ఆమోదించే ఏర్పాటు చాలా బ్యాంకుల్లో ఉంది. అడిగి పెట్టించుకోవాలి.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఒక పనికోసం వచ్చిన డబ్బును ఇంకో పనికి వాడటం. ఒక దాత పిల్లల పుస్తకాల కోసం విరాళం ఇస్తారు. అదే నెలలో అద్దె కట్టాలి, రావాల్సిన గ్రాంటు రాలేదు. బ్యాంకులో డబ్బు కనబడుతోంది కదా, ముందు అద్దె కట్టేసి గ్రాంటు వచ్చాక సర్దేద్దాం అనుకుంటారు. ఎవరి జేబులోకీ ఒక్క పైసా పోలేదు, కాబట్టి తప్పు చేస్తున్నామన్న భావన కూడా కలగదు. తర్వాతి నెల జీతం కూడా అందులోంచే వెళ్తుంది. ఏడాది తిరిగేసరికి దాత పుస్తకాలు చూడడానికి వస్తారు. అక్కడ పుస్తకాలూ ఉండవు, డబ్బూ ఉండదు. దీనికి వేరే బ్యాంకు ఖాతాలు అక్కర్లేదు. నెలవారీ లెక్కలో నిల్వను రెండు వరుసల్లో చూపిస్తే చాలు: ఏ పనికైనా వాడుకోగలిగినది ఒక వరుస, ఫలానా పనికే కట్టుబడి ఉన్నది ఇంకో వరుస. కట్టాల్సి ఉండి ఇంకా కట్టని బిల్లులు వాటి కింద రాయాలి. అప్పుడు పాస్‌బుక్‌లో నిండుగా కనబడిన సంఘం దగ్గర నిజానికి వచ్చే నెల అద్దెకే డబ్బు లేదని అందరికీ ఒకేసారి తెలుస్తుంది.

నిజాయితీ ఒక్కటే సరిపోదనడానికి బ్రిటన్‌లోని కిడ్స్ కంపెనీ ఉదాహరణ చాలు. 1996లో మొదలైన ఈ పిల్లల సేవా సంస్థ 4.2 కోట్ల పౌండ్లకు పైగా ప్రభుత్వ గ్రాంట్లు అందుకుంది. 2015 ఆగస్టులో మూతపడింది. దాని ట్రస్టీలను కంపెనీ డైరెక్టర్లుగా ఉండటానికి అనర్హులుగా ప్రకటించాలన్న అభ్యర్థనను 2021లో హైకోర్టు తోసిపుచ్చింది. మరుసటి ఏడాది అక్కడి సేవాసంస్థలను పర్యవేక్షించే ఛారిటీ కమిషన్ మాత్రం, సొంత సిబ్బందికీ పన్నుల శాఖకూ సమయానికి డబ్బు చెల్లించకపోవడం నిర్వహణ లోపమేనని తేల్చింది. సేవ కోసం వచ్చే డిమాండ్ పెరిగేకొద్దీ ఖర్చు పెంచుకుంటూ పోయి, కష్టకాలానికి తగినంత నిల్వ పెట్టుకోకపోవడం ఆ సంస్థను బలహీనపరిచింది. చిన్న సంఘానికైనా కనీసం మూడు నెలల ఖర్చుకు సరిపడా నిల్వ ఉండాలి. అది కూడబెట్టడానికి ఏళ్లు పట్టినా సరే.

పదవీకాలం గురించి ఒక మాట. కోశాధికారిని కొన్నేళ్లకొకసారి మార్చాలి. మారే ముందు కొన్ని నెలలు కొత్తవారు పక్కన కూర్చుని పని నేర్చుకోవాలి. కార్యవర్గ సభ్యుడి బంధువుకు పని అప్పగించే విషయం వస్తే, ఆ సభ్యుడు బయటికి వెళ్లాక నిర్ణయం తీసుకుని ఆ సంగతి సమావేశపు మినిట్స్ పుస్తకంలో రాయాలి.

దాతలకు కూడా ఒక విన్నపం. నేనిచ్చిన డబ్బంతా నేరుగా సేవకే పోవాలి, ఆఫీసు ఖర్చుకు ఒక్క పైసా వద్దు అని చాలామంది షరతు పెడతారు. ఆ కోరిక వెనక ఉన్న మంచి మనసు నాకు అర్థమవుతుంది. కానీ లెక్కలు రాసే మనిషికి, ఆడిట్‌కి, రికార్డులు భద్రంగా ఉంచడానికి డబ్బు కావాలి. ఆ ఖర్చుకు ఎవరూ ఇవ్వకపోతే ఆ పని ఎవరో ఒకరు రాత్రిపూట నిద్ర మానుకుని చేయాలి, లేదా జరగకుండానే మిగిలిపోతుంది. మీ విరాళంలో కొంత భాగం దీనికి వాడుకోవచ్చని ఉత్తరంలో స్పష్టంగా రాసి ఇవ్వండి. దాంతోపాటు పోయిన ఏడాది ఆడిట్ అయిన లెక్క చూపించమని అడగండి.

సభ్యులు పట్టుబట్టాల్సినది ఒకటుంది. లెక్కల కాగితాలు సర్వసభ్య సమావేశానికి కనీసం వారం ముందు అందరి చేతికీ రావాలి. తెర మీద అర నిమిషం చూపించి, చప్పట్లు కొట్టించి ఆమోదం అయిపోయిందనిపించే పద్ధతి ఈ ఏడాదితోనే ఆగాలి.

ఇట్లు,
ఒక సేవా సంఘం సభ్యురాలు