దసరాకు అల్లాయ్ వీల్స్‌కి రంగు వేసుకుంటున్నారా?

సంపాదకుల వారికి నమస్కారం.

దసరా దగ్గరపడుతోంది. వాహన పూజకు కార్లు మెరిపించే హడావుడిలో, గీతలు పడ్డ అల్లాయ్ వీల్స్‌కి (అల్యూమినియం మిశ్రమంతో చేసిన చక్రాలకి) స్ప్రే డబ్బా తెచ్చి ఇంటి దగ్గరే రంగు కొట్టేవాళ్లు చాలామంది. ఇంట్లో చేసుకోదగ్గ పనే అది. కాకపోతే దసరాకి వేసిన రంగు సంక్రాంతికల్లా పెచ్చులూడితే అందరూ డబ్బాను తిడతారు. తప్పు సాధారణంగా డబ్బా మూత తీయకముందే జరిగిపోయి ఉంటుంది. వీడియోల్లో ఏ రంగు బాగుంటుందో చెబుతారు గానీ ఈ ముందు పని గురించి చెప్పరు. అందుకే ఈ ఉత్తరం.

అన్ని చక్రాలకూ రంగు వేయకూడదు. విప్పి, వెనక్కి తిప్పి చూడండి. గోతుల్లో పడ్డప్పుడు పగులు ఎక్కువగా లోపలి అంచున వస్తుంది, బయటి నుంచి కనపడదు. వెంట్రుకంత పగులున్నా ఆ చక్రం మార్చాల్సిందే. పుట్టీ పెట్టి రంగేస్తే ప్రమాదాన్ని దాచిపెట్టినట్టే. వంగిన రిమ్మును గ్యాస్ మంటతో కాల్చి సుత్తితో సరిచేయించడం కూడా వద్దు. ఈ అల్యూమినియానికి బలం ఫ్యాక్టరీలో వేడిచేసి చల్లార్చిన పద్ధతి వల్ల వచ్చింది. మంట తగిలిన చోట అది పోతుంది. ముఖం మీద సన్నటి గుండ్రటి గీతలతో మెరిసే డైమండ్ కట్ చక్రాల సంగతి వేరు. ఆ మెరుపు లేత్ మిషన్ మీద తీసింది, ఎమరీ పేపర్ తగిలితే పోతుంది. వాటికి ఇంట్లో చేయగలిగింది మొత్తం ఒకే రంగులోకి మార్చడమే.

ఇక అసలు పని కడగడం. మనవైపు సర్వీసింగ్‌కి ఇచ్చిన ప్రతిసారీ టైర్లకు పాలిష్ కొడతారు. చాలా పాలిష్‌లలో సిలికాన్ ఉంటుంది. అది టైరు మీది నుంచి రిమ్ము మీదికి పాకుతుంది. దాని మీద రంగు పడితే అక్కడక్కడా గుండ్రంగా విడిపోయి గుంటలు పడతాయి, పెయింటర్లు ఫిష్ ఐ అనేది వీటినే. ఎన్ని కోట్లు వేసినా ఆ గుంటలు పూడవు. కాబట్టి ముందు సబ్బు నీళ్లు, తర్వాత బ్రేక్ ప్యాడ్ల నుంచి రాలి అతుక్కున్న నల్లపొడికి ఐరన్ రిమూవర్, మళ్లీ నీళ్లు, బాగా ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ వ్యాక్స్ రిమూవర్ గానీ. ఒక గుడ్డతో తడిపి, అది ఆరేలోపే ఇంకో పొడిగుడ్డతో తుడవాలి. ఒకే గుడ్డతో రుద్దితే జిడ్డు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుంది, అంతే. కిరోసిన్, డీజిల్ వాడకండి, వాటి నూనె పొర మిగిలిపోతుంది. బాత్‌రూమ్ యాసిడ్, కాస్టిక్ సోడా అసలే వద్దు, రెండూ అల్యూమినియాన్ని తినేస్తాయి. ఈ తుడుపు గీకడానికి ముందే జరగాలి. జిడ్డు మీద గీకితే అది గీతల్లోకి దిగిపోతుంది. గీకాక ఇంకోసారి తుడవాలి.

గీకడం 180 నంబరు ఎమరీ పేపర్‌తో దెబ్బతిన్న అంచు దగ్గర మొదలుపెట్టి, 320తో పాత రంగు అంచులు చేతికి తగలనంత పలచన చేసి, చివర చక్రం మొత్తం 400 వాటర్ పేపర్‌తో తడిపి రుద్దాలి. కడ్డీల మూలల్లో కాగితం దూరదు, గిన్నెలు తోమే కొత్త ఆకుపచ్చ పీచు చాలు. పాత క్లియర్ (రంగు మీద వేసే గాజులాంటి మెరుపు పూత) కింద పురుగు పాకినట్టు తెల్లటి గీతలుంటే అది తుప్పు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది ఎక్కువ. ఆ గీత ఎక్కడిదాకా పోయిందో అక్కడిదాకా లోహం తేలాలి. కొంచెం వదిలినా కొత్త రంగు కిందనుంచి మళ్లీ పాకుతుంది.

ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతు గీతలకు పుట్టీ సరిపోతుంది. నిమ్మకాయంత పుట్టీకి శనగగింజంత హార్డెనర్ (గట్టిపరిచే మందు), అంటే బరువులో 2 శాతం. త్వరగా ఎండుతుందని ఎక్కువ కలిపితే తర్వాత రంగులోంచి మరకలు పైకి తేలతాయి. గీకిన లోహం మీదే పుట్టీ పట్టించాలి. ఎచ్ ప్రైమర్ (ఆమ్లంతో లోహాన్ని కొరికి పట్టుకునే అడుగు పూత) వేసి దానిమీద పుట్టీ పెడితే అందులోని ఆమ్లం పుట్టీని సరిగా గట్టిపడనివ్వదు. ఎచ్ ప్రైమర్ పుట్టీ లేకుండా బయటపడ్డ లోహానికి, పలచగా ఒక్క కోటు. ఉత్త అల్యూమినియం మీద గాలి తగలగానే ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, మామూలు ప్రైమర్ దాన్ని గట్టిగా పట్టుకోలేదు. దానిపైన సన్నగీతలు పూడ్చే ఫిల్లర్ ప్రైమర్ రెండు మూడు కోట్లు, ఎండాక 600 వాటర్ పేపర్. సిల్వర్ మెటాలిక్ వేసేవాళ్లు ఇక్కడ తొందరపడకూడదు, కింద మిగిలిన ప్రతి గీతనూ ఆ రంగు ఎత్తి చూపిస్తుంది.

టైరు విప్పకుండానే రంగు పడకుండా కాపాడొచ్చు. గాలి కొంత తీసి, పాత శుభలేఖలు టైరుకీ రిమ్ముకీ మధ్య వరసగా దూర్చండి. మిగతా భాగానికి మాస్కింగ్ టేపు, న్యూస్‌పేపరు. మీ పత్రికే పనికొస్తుంది, రెండు మడతలు వేయాలి, ఒక్క పొరైతే రంగు ఇంకుతుంది. వాల్వు కూడా కప్పాలి. చక్రం సమంగా తిరగడానికి అతికించిన బ్యాలెన్స్ బరువులు పీకొద్దు.

వీటికన్నా ముఖ్యంగా రంగు పడకూడని చోట్లు రెండున్నాయి: చక్రం హబ్‌కి (ఇరుసు చివర చక్రాన్ని బిగించే భాగానికి) ఆనుకునే వెనక ముఖం, నట్లు కూర్చునే గుంటలు. అక్కడ రంగుంటే నట్టు బిగింపుకీ వేడికీ ఆ పొర నలిగి పలచబడుతుంది, బిగింపు ఆ మేరకు సడలుతుంది. అందంగా రంగేసిన చక్రం నట్లు వదులయ్యేది ఇలాగే.

15, 16 అంగుళాల చక్రాలు నాలుగింటికి 400 మిల్లీలీటర్ల డబ్బాలు ఫిల్లర్ ప్రైమర్ రెండు, రంగు మూడు, క్లియర్ మూడు పెట్టుకోండి. ప్రైమర్, రంగు, క్లియర్ ఈ మూడూ ఒకే రకానివి కొనాలి. హార్డ్‌వేర్ షాపు ఎనామిల్ మీద త్వరగా ఆరే లాకర్ (lacquer) రకం క్లియర్ కొడితే కింది రంగు ముడతలు పడి లేస్తుంది. డబ్బాలో గోళీ చప్పుడు మొదలయ్యాక రెండు నిమిషాలు ఊపాలి. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం, పలచటి కోట్లు మూడో నాలుగో, మధ్యలో 10 నిమిషాలు. మొదటి కోటుకే కింది రంగు కప్పేయాలని చూస్తే కారుతుంది.

వర్షపు తేమలో కొట్టకండి. థిన్నర్ ఆవిరవుతూ చక్రాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తడి రంగు మీద చేరి పాలిపోయినట్టు తెల్లబడుతుంది. దసరా రోజుల్లో కోస్తాలో ఇదే పెద్ద గొడవ. వాన వెలిసిన రోజు పదింటి నుంచి మూడింటి లోపు, నీడలో కొట్టడం మేలు. ఎండలో కాలిన చక్రం మీదా వద్దు, రంగు పరుచుకునేలోపే ఎండి గరుకు తేలుతుంది.

క్లియర్‌లో రెండు రకాలు. మామూలుది సులువు, కానీ పెట్రోలు చుక్క పడినా మెత్తబడుతుంది. డబ్బా అడుగున పిన్ను నొక్కి హార్డెనర్ కలిపే 2కే రకం ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే కలిపాక ఒకట్రెండు రోజుల్లో డబ్బాలోనే గట్టిపడుతుంది. అందుకని ఒక్కో చక్రం విప్పి స్టెప్నీ పెట్టుకుంటూ తీరిగ్గా చేసేవాళ్లకు మామూలుదే నయం. 2కే వాడితే ముందు జత, వెనక జత చొప్పున కారును స్టాండ్ల మీద నిలిపి చేయాలి. జాకీ ఒక్కదాని మీద రాత్రంతా వదిలేయకూడదు.

2కే హార్డెనర్‌లోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులను పట్టి ఉబ్బసం తెప్పించగలదు. గుడ్డ మాస్కూ, ఎన్95 ఈ ఆవిరిని ఆపవు. రసాయన ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, దానితోపాటు తుంపరను ఆపే ఫిల్టరు ఉన్న మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు కావాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఏ స్ప్రే కొట్టినా నిప్పుకి సిద్ధంగా ఉన్న గ్యాసు నేల మీద పేరుకుంటుంది. పక్కవాళ్ల కారు మీద తుంపర పడి వచ్చే తగువు ఎలాగూ ఉంటుంది.

రంగు ముట్టుకుంటే అంటకపోయినా 24 గంటలు ఆగి బిగించండి. వారం రోజులు కడగొద్దు. నట్లు ముందు చేత్తో, తర్వాత ఎదురెదురుగా, కారు నేల మీదికి దించి టార్క్ రెంచితో (బిగింపు ఎంతో కొలిచి చూపే రెంచి) చివరి బిగింపు. చిన్న కార్లకు ఇది సుమారు 85 నుంచి 110 న్యూటన్ మీటర్లు, మీ కారు పుస్తకంలో ఉన్న అంకెనే పాటించండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూడాలి. టార్క్ రెంచి లేనివాళ్లు అది ఉన్న టైర్ల షాపుకి మెల్లగా నడుపుకుని వెళ్లి చూపించుకోవచ్చు. అక్కడ గాలి మిషనుతో ధడధడా బిగిస్తానంటే మాత్రం ఒప్పుకోకండి, నట్టు చుట్టూ వేసిన కొత్త రంగు లేచిపోతుంది.

ఇట్లు,
ఒక కార్ల పెయింటర్,
రాజమహేంద్రవరం